నారాలో ఒంటరిగా రెండు రోజులు: దాటివచ్చినవాళ్లు కట్టిన రాజధాని



ఈసారి రాస్తున్నది మన ఊళ్ల చరిత్ర కాదు, దూరదేశపు నగరం కథ. అయినా చివరిదాకా చదివితే మన ఇండ్ల సంగతే గుర్తుకొస్తుంది. హోసూరు, కృష్ణగిరి, బెంగళూరు, చెన్నై, పుణె వైపు మన పిల్లలు చాలామంది ఇప్పుడు జపాన్ కంపెనీల్లో పని చేస్తున్నారు. ట్రైనింగ్ అనో మీటింగ్ అనో ఒసాకాకు ఒక వారం పంపిస్తారు. పని అయ్యాక రెండు రోజులు చేతిలో మిగులుతాయి. తోడు ఎవరూ ఉండరు. ఒక్కరమే ఎక్కడికి పోవాలి, ఏం చూడాలి అని మమ్మల్ని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు.

అందరూ క్యోటో పొమ్మంటారు. క్యోటో గొప్ప నగరమే, కాదనం. కానీ రెండే రోజులుంటే, అందులోనూ మనలాగా పుట్టిన నేల ఒకటి, బతికే నేల ఒకటి అయినవాళ్లైతే, నారాకు పోండని మేము చెబుతాం. ఎందుకో చెప్పి, ఆ రెండు రోజులు ఎలా గడపాలో మేము వేసిన ప్లాన్ కూడా కింద రాస్తున్నాం.

ముందు రెండు ముక్కల్లో చరిత్ర. 710లో గెమ్మెయ్ అనే మహారాణి తన రాజధానిని ఇక్కడికి మార్చింది. అప్పటి పేరు హెయ్‌జోక్యో. చైనాలో తాంగ్ వంశపు రాజధాని చాంగాన్ నమూనా చూసి, చదరంగం పలకలాగా వీధులు గీసి కట్టారు. మధ్యలో ఓ ఐదేళ్లు రాజు అటూ ఇటూ మారినా, 784 దాకా ఇదే రాజధాని. అంటే అంతా కలిపి డెబ్బై ఏళ్ల ముచ్చట. ఆ డెబ్బై ఏళ్లలో జపాన్ చట్టం రాసుకుంది, చరిత్ర రాసుకుంది, బౌద్ధాన్ని రాజ్యధర్మం చేసుకుంది. ఈ పనంతా చేసినవాళ్ల జాబితా తీస్తే అందులో సగం పేర్ల వెనక ఒక సముద్రం ఉంటుంది. కొరియా నుంచి, చైనా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లని జపాన్ చరిత్రకారులు 'తొరాయ్‌జిన్' అంటారు. దాటి వచ్చినవారు అని అర్థం. మనకు అంతకన్నా దగ్గరి మాట ఇంకొకటి ఉంటుందా?

ఇక ప్రయాణం. సెలవు కుదిరితే శుక్ర, శనివారాలు పెట్టుకోండి. కారణం కింద చెబుతాం. ఒసాకా నంబా నుంచి కింతెత్సు రైలు ఎక్కితే సుమారు నలభై నిమిషాల్లో నారా. జేఆర్ వాళ్ల స్టేషన్ వేరే ఉంది, కానీ గుళ్లకు దగ్గర కింతెత్సు నారా స్టేషనే. ఇకోకా కార్డు ఒకటి కొనుక్కుంటే టికెట్ గొడవ ఉండదు. గుళ్లలో ప్రవేశానికి మాత్రం చిల్లర డబ్బు చేతిలో ఉంచుకోండి. బ్యాగు స్టేషన్ లాకర్లో పెట్టేయండి. ముఖ్యమైన మాట ఏమంటే, రాత్రి ఒసాకాకు తిరిగి రావద్దు. ఒక రాత్రి నారాలోనే ఉండండి. పగలు వచ్చిన జనమంతా సాయంత్రం రైళ్లెక్కి పోతారు. చాలా గుళ్లు నాలుగున్నర, ఐదుకే తలుపులు వేస్తాయి. ఆ తర్వాత వీధులు మనవే. ఒంటరిగా పోయినవాళ్లకు దక్కే లాభం అది.

స్టేషన్ బయటికి రాగానే ఒక ఫౌంటెన్, దాని మీద ఒక సన్యాసి బొమ్మ కనబడతాయి. నారావాళ్లు ఒకరికోసం ఒకరు ఎదురుచూసే తావు అది. ఆయన పేరు గ్యోకి. మీ ప్రయాణం ఆయనతోనే మొదలుపెట్టండి. గ్యోకి పూర్వీకులు కొరియాలోని బెక్జే రాజ్యం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆయన గుళ్లో కూర్చోకుండా ఊరూరా తిరిగి జనాన్ని కూడగట్టి చెరువులు తవ్వించాడు, వంతెనలు కట్టించాడు, బాటలు వేయించాడు. సన్యాసులు గుడి దాటి జనంలో ప్రచారం చేయకూడదని 717లో ప్రభుత్వం ఆయన్ని పేరు పెట్టి నిషేధించింది. 745లో అదే ప్రభుత్వం ఆయన్ని దేశంలోని సన్యాసులందరికీ పెద్దను చేసింది. కారణం సూటిగా చెప్పాలంటే, రాజుకు ఒక పెద్ద పని పడింది, ఆ పనికి కావలసిన జనం ఆయన వెంట ఉన్నారు.

ఆ పని ఏమిటో తెలియాలంటే కొండవైపు నడవాలి. దారిలో రెండు చోట్ల ఆగండి. మొదటిది స్టేషన్ పక్కనే ఉన్న కాంగో అనే చిన్న గుడి. దాని ఆవరణలో రిన్ అనే ఇంకా చిన్న గుడి ఉంది. అక్కడి దేవుడు ఒక మిఠాయి వంటవాడు! హయాషి జోయిన్ అనే ఆయన 1349లో ఒక జెన్ గురువు వెంట చైనా నుంచి వచ్చి నారాలో కాపురం పెట్టాడు. చైనాలో ఆవిరి మీద ఉడికించే బన్నులో మాంసం పెట్టేవాళ్లు. ఇక్కడ గుళ్లలో మాంసం తినరు కదా, అందుకని ఆయన లోపల తియ్యటి చిక్కుడు గింజల ముద్ద పెట్టాడు. అదే ఇవాళ జపాన్ అంతా తినే మంజూ. మన పూర్ణం బూరెకు వరసకు అన్నదమ్ముడు అనుకోవచ్చు. గురువు పోయాక ఆయన చైనా తిరిగి వెళ్లిపోయాడు, ఇక్కడి భార్యాపిల్లలు ఇక్కడే ఉండి ఆ వృత్తి సాగించారు. ఏటా ఏప్రిల్ 19న మిఠాయి వ్యాపారులు వచ్చి ఆ గుడిలో పండుగ చేస్తారు.

రెండో చోటు కోఫుకుజీ. ఐదంతస్తుల గోపురం మరమ్మతుకోసం కప్పి ఉంది, నిరాశ పడవద్దు. అక్కడి ప్రదర్శనశాలలోకి పోండి. 734లో లక్కపూతతో చేసిన ఎనిమిది మంది పరివార దేవతల బొమ్మలున్నాయి. పలకల మీద పేర్లు చదువుకుంటూ పోండి: అషురా, కరురా, కిన్నారా, కెందత్సుబా. మన అసురుడు, గరుడుడు, కిన్నరుడు, గంధర్వుడు! ఆ అషురా బొమ్మకు మూడు ముఖాలు, ఆరు చేతులు. కానీ ముఖంలో రాక్షసత్వం ఎక్కడా లేదు. ఏదో తప్పు తెలుసుకుని కళ్లు చెమర్చిన కుర్రవాడిలాగా ఉంటుంది. మన పురాణాల పేరు అంత దూరం నడిచి వెళ్లి అక్కడ ఇంకో మనసు తొడుక్కుంది.

ఇక తోదాయ్‌జీ. ముందు దక్షిణ ద్వారం. అక్కడ ఎనిమిది మీటర్ల పైబడిన ఇద్దరు కొయ్య ద్వారపాలకులున్నారు. ఉన్‌కెయ్, కాయ్‌కెయ్ అనే శిల్పులు, వాళ్ల బృందం 1203లో 69 రోజుల్లో చెక్కారు. అందరూ వాళ్లను ఫోటో తీసుకుని లోపలికి పోతారు. మీరు ఆ ద్వారం వెనకవైపుకు తిరిగి చూడండి, రెండు రాతి సింహాలు కనబడతాయి. వాటిని చైనా నుంచి వచ్చిన రాతి పనివాళ్లు చెక్కారు.

లోపల మహాబుద్ధుడు. ఎత్తు సుమారు 15 మీటర్లు, కంచు విగ్రహం. దీని వెనక చాలా దుఃఖం ఉంది. 735 నుంచి 737 దాకా మశూచి దేశమంతా పాకింది. ప్రతి ముగ్గురు నలుగురిలో ఒకరు పోయారని చరిత్రకారుల అంచనా. రాజ్యం నడిపే ఫుజివారా అన్నదమ్ములు నలుగురూ 737లోనే పోయారు. 740లో తిరుగుబాటు. షోము చక్రవర్తి ఇదంతా తన పాలనలోని లోపం వల్లనే అనుకున్నాడు. 743లో మహాబుద్ధుణ్ణి చేయిస్తానని ఆజ్ఞ ఇచ్చాడు. నా అధికారంతో ఈ పని చేయించడం సులువే, కానీ ఒక్కొక్కరూ గడ్డిపరకో పిడికెడు మట్టో తెచ్చి చేతనైనంత కలిపితేనే దీనికి అర్థం అన్నది ఆ ఆజ్ఞ సారాంశం. ఆ పిడికెళ్లు కూడగట్టడానికే గ్యోకి కావలసి వచ్చాడు.

ఇప్పుడు ఈ పని చేసినవాళ్లు ఎవరో చూడండి. ఇంత పెద్ద విగ్రహం పోత పోయడానికి కమ్మరులు భయపడితే ముందుకొచ్చి చేయించినవాడు కునినకా నో కిమిమారో. బెక్జే రాజ్యం కూలిపోయాక 663లో పారిపోయి వచ్చిన శరణార్థికి మనవడు. 747 నుంచి 749 దాకా మూడేళ్లు, ఎనిమిది విడతలుగా పోత పోశారు. పూతకు బంగారం చాలక రాజు దిగులు పడుతుంటే 749లో ఈశాన్యాన ముత్సు సీమలో బంగారం దొరికింది. కబురూ బంగారమూ పంపిన అక్కడి అధికారి పేరు క్యోఫుకు. ఆయన బెక్జే చివరి రాజు వంశంవాడు. గ్యోకి సరేసరి. జనాన్ని కూడగట్టినవాడు, పోత పోసినవాడు, బంగారం పంపినవాడు, ముగ్గురూ దాటివచ్చిన ఇండ్లవాళ్లే. దీన్ని జపాన్ దాచుకోదు. చక్రవర్తి కన్ము తల్లి బెక్జే రాజవంశానికి చెందినదని 2001లో అప్పటి చక్రవర్తి అకిహితో స్వయంగా పత్రికలవాళ్లతో చెప్పారు.

752లో విగ్రహానికి కళ్లు తెరిచే ఉత్సవం జరిగింది. మనం నేత్రోన్మీలనం అంటాం చూడండి, అదే. కంటిపాప గీసే కుంచె ఎవరి చేతికిచ్చారు? ఒక దక్షిణ భారతీయుడి చేతికి. ఆయన పేరు బోధిసేనుడు. జపాన్ వాళ్లు బొదాయ్ సెన్నా అంటారు. 704లో పుట్టాడు. చైనాకు వెళ్లి, అక్కడినుంచి జపాన్ రాయబారుల ఓడలో 736లో వచ్చాడు. ఆయన వెంట ఇప్పటి వియత్నాం తీరంలోని చంపా రాజ్యపు సన్యాసి ఒకరు ఉన్నారు. ఒసాకా రేవులో వాళ్లకు ఎదురువెళ్లి స్వాగతం చెప్పినవాడు మన గ్యోకి. అంటే ఒసాకాలో రైలెక్కి నారాకు వచ్చే మన పిల్లవాడు బోధిసేనుడు వచ్చిన దారినే వస్తున్నాడన్నమాట. ఆ రోజున కుంచెకు పొడవైన పట్టు తాళ్లు కట్టారు. కింద ఉన్న జనం ఆ తాళ్లు పట్టుకున్నారు. ఆయన కంటిపాప గీస్తుంటే వాళ్లందరూ గీసినట్టే. కుంచె, నీలిరంగు తాడు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

ఇక్కడ ఒక్క మాట. బోధిసేనుడి శిష్యుడు రాసిన శాసనపాఠంలో ఆయన్ని దక్షిణ భారతపు బ్రాహ్మణుడనే చెప్పారు. తమిళ మిత్రులు మదురైవాడంటారు. మనలో కొందరు వెంటనే అమరావతి అనడానికి సిద్ధపడతారు. అలా చేయవద్దని మా మనవి. ఆయన్ని తెలుగువాడిగా నిలబెట్టే రాత ఏదీ మా కంటబడలేదు. లేని చుట్టరికం కలుపుకుంటే ఉన్న చుట్టరికం కూడా ఎవరూ నమ్మరు. ఉన్నది తక్కువేం కాదు, రెండో రోజున చూపిస్తాం.

ఇంకొక సంగతి. ఇప్పుడు మీరు చూసే హాలు 1709లో కట్టినది. 1180లో, 1567లో యుద్ధాల్లో తగలబడింది. పాత హాలు వెడల్పు 86 మీటర్లు, ఇప్పటిది 57 మీటర్లు. విగ్రహం తల కూడా 1692 నాటిది. కింద తామర రేకుల్లో కొన్ని మాత్రం తొలినాటివి. హాలు ముందున్న ఎనిమిది మూలల కంచు దీపస్తంభం కూడా 8వ శతాబ్దిదే. జనం దాన్ని దాటుకుని పోతారు. మీరు ఆగండి.

హాలు వెనక ఉత్తరంగా నడిస్తే షోసోయిన్ అనే కొయ్య కొట్టు. 756లో షోము పోయిన 49వ రోజున ఆయన భార్య కోమ్యో ఆయన వస్తువులన్నీ బుద్ధుడికి సమర్పించింది. వాటితో మొదలై సుమారు 9000 వస్తువులు పన్నెండు శతాబ్దాలు ఈ కొట్టులోనే ఉన్నాయి. అందులో పారశీక గాజు గిన్నె ఉంది. ఐదు తంతుల వీణలాంటి వాద్యం ఒకటి ఉంది, అలాంటిది పాతది ప్రపంచంలో ఇంకొకటి మిగల్లేదు. దాని మీద ముత్యపు చిప్పతో పొదిగిన బొమ్మ ఒంటె మీద కూర్చుని వాద్యం వాయించే మనిషి. కొట్టును బయటినుంచి మామూలు పనిరోజుల్లో మాత్రమే చూడనిస్తారు, శని ఆదివారాలు ఉండదు. శుక్రవారం సెలవు పెట్టమన్నది ఇందుకే. వస్తువులు చూడాలంటే అక్టోబరు చివర, నవంబరు మొదట్లో రెండు వారాలపాటు నారా జాతీయ మ్యూజియంలో కొన్నిటిని పెడతారు. మీ పని ఆ రోజుల్లో పడితే అదృష్టం.

ఆ వస్తువుల్లోనే 752 ఉత్సవంలో వాడిన ముసుగులూ ఉన్నాయి. గిగాకు అనే ఆ ముసుగు ఆటను బెక్జే నుంచి వచ్చిన ఒకాయన 612లో నేర్పాడు. అందులో 'బారామోన్' అనే వేషం ఉంది. బ్రాహ్మణుడే. ఆయన గొప్పగా మంత్రాలు చదవడు, చంటిపిల్లల గుడ్డలు ఉతుకుతాడు! కంటిపాప గీసినవాడూ ఆ పేరువాడే, జనాన్ని నవ్వించినవాడూ ఆ పేరువాడే. పరాయి నేల మీద మనిషికి దక్కే గౌరవం, ఎగతాళి రెండూ ఒక పెట్టెలోనే ఉంటాయని మన పెద్దవాళ్లను అడిగినా చెబుతారు.

సాయంత్రం కసుగా గుడివైపు నడవండి. సుమారు మూడు వేల దీపాలున్న గుడి, రాతివి దారి పొడుగునా, కంచువి చూరుల కింద. దారంతా జింకలు, వెయ్యికి పైనే ఉంటాయి. వాటికి పెట్టే బిస్కెట్లు అక్కడే అమ్ముతారు, తవుడూ పిండీ కలిపి చేసినవి. చేతిలో పెట్టుకుని ఊరించకండి, తల వంచి దండం పెట్టిన జింకే తర్వాత చొక్కా కొరుకుతుంది. కాగితాలు, మ్యాపులు లోపల పెట్టుకోండి. ఈ జింకలు ఎక్కడివంటారా? 768లో ఈ గుడి కట్టినప్పుడు తూర్పున కషిమా నుంచి దేవుడు తెల్ల జింక నెక్కి వచ్చాడని స్థలపురాణం. దేవుడూ ఇక్కడివాడు కాదు!

తిండి గురించి కూడా చెప్పాలి. శాకాహారులు జాగ్రత్త. కూరగాయల పులుసులాగా కనబడేదాంట్లో కూడా 'దాషి' అనే చేప రసం ఉంటుంది. కన్వీనియన్స్ స్టోర్లో ఉప్పు రేగుపండు పెట్టిన అన్నం ముద్ద, అరటిపండ్లు, మంజూ తీసుకుంటే కడుపు నిండుతుంది. పచ్చడి డబ్బా ఇంటినుంచి తీసుకుపోతారని మాకు తెలుసు, వేరే చెప్పనక్కరలేదు.

రెండో రోజు. పొద్దున్నే నారామాచి అనే పాతపేటలో నడిచి తొమ్మిదికి గాంగోజీ చేరండి. ఇక్కడ చూడవలసింది విగ్రహాలు కాదు, పైకప్పు. 588లో బెక్జే రాజు జపాన్‌కు వడ్రంగులను, పెంకులు చేసేవాళ్లను పంపాడు. వాళ్లు అసుకాలో మొదటి పెద్ద బౌద్ధాలయం కట్టారు. 718లో ఆ గుడిని ఇక్కడికి మార్చినప్పుడు పెంకులు కూడా మోసుకొచ్చారు. వాటిలో కొన్ని ఇప్పటికీ ఆ కప్పు మీదే ఉండి వానను ఆపుతున్నాయి. ఎరుపు, బూడిద, నలుపు కలిసిన రంగుల్లో తేడాగా కనబడతాయి. ఆ పెంకులు చేసినవాళ్ల భాష ఇవాళ మాట్లాడేవాళ్లు భూమి మీద లేరు. బెక్జే భాషే పోయింది. పెంకు మాత్రం నిలబడింది.

మనకు నిజమైన చుట్టరికం ఉన్న తావు కూడా ఇదే. ఆ కాలంలో నారాలో ఆరు శాఖల బౌద్ధం చదివేవాళ్లు. అందులో సన్‌రోన్ అనే శాఖకు గాంగోజీ, దాయ్‌అన్‌జీ కేంద్రాలు. సన్‌రోన్ అంటే మూడు శాస్త్రాలు. అందులో రెండు ఆచార్య నాగార్జునుడివి, మూడోది ఆయన శిష్యుడు ఆర్యదేవుడిది. నాగార్జునకొండ పేరులో ఉన్న నాగార్జునుడే. శాతవాహన రాజుకు మిత్రుడని సంప్రదాయం చెప్పే ఆ ఆచార్యుణ్ణి జపాన్ వాళ్లు ర్యూజు అంటారు, ఎనిమిది శాఖలకు మూలపురుషుడని గౌరవిస్తారు. ఇంకొక దారి కూడా ఉంది. 7వ శతాబ్దిలో మన ధాన్యకటకానికి వచ్చి వెళ్లిన చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్. ఆయన దగ్గర చదువుకున్న జపాన్ సన్యాసి దోషో. దోషో దగ్గర చదువుకున్నవాడు గ్యోకి అంటారు. కృష్ణ ఒడ్డు నుంచి నారా స్టేషన్ ఫౌంటెన్ దాకా నాలుగే అంగలు.

అక్కడినుంచి రైల్లో యమతో సైదాయ్‌జీ స్టేషన్‌కు రండి. దారిలో రైలు పెద్ద మైదానం మధ్యగా పోతుంది, కిటికీ పక్క కూర్చోండి. అదే పాత రాజప్రాసాదం. రాజధాని మారిపోయాక వెయ్యేళ్లు వరిపొలాలయింది. 1899లో సెకినో అనే పండితుడు ఒక మట్టిదిబ్బను చూసి ఇది రాజసభ అరుగు అని గుర్తుపట్టాడు. దాన్ని కాపాడాలని ఊరూరా తిరిగినవాడు పండితుడు కాదు, తనదా కజూరో అనే తోటమాలి. సొంత డబ్బుతో దారి చూపే రాళ్లు పాతించాడు, పెద్దమనుషుల గడపలు ఎక్కి దిగాడు. ఆయన 1921లో చనిపోయాడు, 1922లో ప్రభుత్వం ఆ స్థలాన్ని రక్షిత స్థలంగా ప్రకటించింది. 1998లో ద్వారం, 2010లో రాజసభ మళ్లీ కట్టారు. ద్వారం దగ్గర ఆ తోటమాలి విగ్రహం ఉంది. సంఘాలు నడిపే మనలాంటివాళ్లు ఒక్క నిమిషం నిలబడవలసిన తావు అది.

ఈ నేల తవ్వితే కొయ్య చీటీలు వేలకువేలు దొరికాయి. కాగితం ఖరీదు కాబట్టి ఆఫీసు లెక్కలు కొయ్య ముక్కల మీద రాసేవాళ్లు. 765 నాటి ఒక చీటీని పరిశీలిస్తే అధికారులను తయారుచేసే విద్యాలయంలో పనిచేసిన ఒకాయన పేరు 'పారశీకం' అనే ఇంటిపేరుతో కనబడిందని 2016లో ప్రకటించారు. పర్షియా మనిషి నారాలో సర్కారు కొలువు చేశాడు!

మధ్యాహ్నం నిషినోక్యో స్టేషన్‌లో దిగండి. దగ్గరే యకుషీజీ, పది నిమిషాల నడకలో తోషోదాయ్‌జీ. తోషోదాయ్‌జీ కట్టినవాడు చైనా గురువు గాంజిన్. రమ్మని 742లో ఇద్దరు జపాన్ సన్యాసులు అడిగారు. ఐదుసార్లు బయలుదేరితే తుఫాన్లు, అడ్డంకులు. చూపు పోయింది. ఆరోసారికి చేరి 754లో నారాలో అడుగుపెట్టాడు, 759లో ఈ గుడి పెట్టాడు, 763లో ఇక్కడే పోయాడు. గుడి వెనక నాచు పరిచిన చెట్ల మధ్య ఆయన సమాధి. ఎవరినీ పలకరించనక్కరలేదు, కాసేపు కూర్చోండి. ఒంటరి ప్రయాణం దేనికోసమో అక్కడ తెలుస్తుంది.

యకుషీజీలో 753 నాటి బుద్ధపాదాల రాయి ఉంది. భారతదేశంలోని పాదముద్రను చైనా రాయబారి ఒకరు నకలు గీసుకోగా, దానికి జపాన్ రాయబారి నకలు తెస్తే, దాని నుంచి చెక్కారని రాయి మీదే రాసి ఉంది. అమరావతి శిల్పాల్లో చక్రాలున్న పాదాలు చూసినవాళ్లకు వేరే పరిచయం అక్కరలేదు.

ఇదీ రెండు రోజుల దారి. ఇక మేము ఇదంతా ఎందుకు రాశామో చెబుతాం.

815లో జపాన్ ప్రభుత్వం రాజధాని చుట్టుపక్కల వంశాల పట్టిక ఒకటి తయారుచేసింది. మొత్తం 1182 వంశాలు. అందులో 326 విదేశీ మూలాలవని రాశారు. నాలుగో వంతుకు పైనే. తమ తాతలు ఎక్కడినుంచి వచ్చారో వాళ్లు అప్పటికింకా చెప్పుకుంటున్నారు. కానీ ఆ తాతల భాష మాట్లాడే ఇల్లు తర్వాత మిగల్లేదు. గమనించండి, వీళ్లు చదువురాని జనం కాదు. జపాన్‌కు రాత నేర్పినవాళ్లలో, దస్తావేజులు రాసే కొలువుల్లో ఎక్కువమంది వీళ్లే. వాళ్లు అక్షరాన్ని నిలబెట్టారు, ఇంటి మాటను పోగొట్టుకున్నారు.

మన సంగతి తలకిందులు. విజయనగర కాలం నుంచి, నాయకరాజుల కాలం నుంచి ఇక్కడున్నాం. ఇన్ని వందల ఏళ్లైనా ఇంట్లో తెలుగే. అమ్మ తిట్టినా తెలుగే, పొలంలో ఎద్దును అదిలించినా తెలుగే. కానీ బడిలో తమిళమో కన్నడమో మరాఠీయో ఒడియానో. పెళ్లిపత్రిక తెలుగులో అచ్చు వేస్తే చదివేవాళ్లు ఎంతమంది? యానాం మిత్రులకు ఈ బాధ తక్కువ, మిగిలిన మనందరికీ తెలిసిందే. మనం మాట నిలబెట్టుకున్నాం, అక్షరాన్ని పోగొట్టుకుంటున్నాం. అక్షరం లేని మాట ఇంకా ఎన్ని తరాలు నిలుస్తుందో నారా చెప్పదు. కానీ చదువుకున్నవాళ్లకే మాట నిలవలేదు, మనం ధీమాగా ఉండవద్దని మాత్రం చెబుతుంది.

ఆశ కలిగించే ముక్క కూడా అక్కడే ఉంది. జపాన్ పిల్లలు అక్షరాలు నేర్చుకునే వరస వినండి: అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. ఒకప్పుడు హ అనేదాన్ని ప అనే పలికేవాళ్లు. స తావులో చ పెట్టి, హ తావులో ప పెట్టి చదవండి. క, చ, త, న, ప, మ, య, ర, వ. మన వర్ణమాల వరసే! సంస్కృత అక్షరాలు చదువుకున్న బౌద్ధ సన్యాసుల వల్ల ఆ వరస ఏర్పడింది. నారాలో సంస్కృతం చెప్పిన తొలి గురువుల్లో బోధిసేనుడు ఒకడు. ఆయన భాష అక్కడ ఎవరూ మాట్లాడరు, ఆయన నేల అక్షరాల వరసలో దేశమంతా ఓనమాలు దిద్దుతోంది. మన పిల్లలు ఆ వరసను ఇక్కడే, మన ఇంటి అరుగు మీదే నేర్చుకోవచ్చు. ఓడ ఎక్కనక్కరలేదు.

కాబట్టి జపాన్ వెళ్లే పిల్లలకు మా కోరిక ఒక్కటే. బయలుదేరే ముందు ఒక నెలపాటు ఆదివారాలు మన అక్షరాలు దిద్దండి. రానివాళ్లకు నేర్పడానికి మన సంఘంలో పెద్దవాళ్లు సిద్ధంగా ఉన్నారు. నారా చూసి వచ్చాక రెండు పేజీలు తెలుగు అక్షరాల్లో, మీ చేత్తో రాసి సంఘానికి పంపండి. తప్పులుంటే ఉండనీండి. హోసూరు తెలుగో, మదురై తెలుగో, బళ్లారి తెలుగో, మీ ఇంటి తెలుగే రాయండి. వచ్చినవన్నీ కలిపి కుట్టి సంఘం బీరువాలో దాస్తాం.

వెళ్లొచ్చినవాళ్లు ఉంటే ఈ ప్లాన్‌లో ఏం మార్చాలో కింద చెప్పండి. బోధిసేనుడి జ్ఞాపకం ఉన్న రియోసెంజీ, దాయ్‌అన్‌జీ గుళ్లకు కూడా మూడో రోజు దొరికితే ఎలా వెళ్లాలో ఇంకోసారి రాస్తాం.